ఫ్రీగా వెళ్లిపోయాడు, అదీ పక్క క్లబ్బుకే! సోల్ క్యాంప్‌బెల్ కథలో తప్పు ఎవరిది?

ఈ ఎపిసోడ్‌లో ఫుట్‌బాల్ ట్రాన్స్‌ఫర్ల గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ఫ్యాన్స్‌కి ఒళ్లు మండే రకం గురించి. మన టీమ్‌లో బెస్ట్ ప్లేయర్ కాంట్రాక్ట్ అయిపోయేదాకా ఆగుతాడు. క్లబ్బుకి ఒక్క రూపాయి కూడా రాదు. వాడు వెళ్లి మనకి అస్సలు పడని టీమ్‌లో చేరతాడు. ఎలా ఉంటుంది చెప్పండి?

2025 మే నెలలో ఆన్‌ఫీల్డ్‌లో జరిగింది మీలో చాలామంది ఫోన్‌లో చూసే ఉంటారు. ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్, లివర్‌పూల్‌లోనే పుట్టి, ఆ క్లబ్బులోనే పెరిగిన కుర్రాడు, కాంట్రాక్ట్ అయిపోగానే వెళ్లిపోతున్నానని ప్రకటించాడు. కొన్ని రోజులకే ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా గ్రౌండ్‌లోకి దిగితే సొంత ఫ్యాన్సే బూ అన్నారు. అతను వెళ్లింది స్పెయిన్‌కి, రియల్ మాడ్రిడ్‌కి. వేరే దేశం, వేరే లీగ్. దానికే అంత కోపం వస్తే, అదే ఊళ్లో ఉన్న శత్రువు క్లబ్బుకి వెళ్తే ఏమవుతుంది?

అది 2001లో లండన్‌లో జరిగింది. ప్లేయర్ పేరు సోల్ క్యాంప్‌బెల్. టాటెన్‌హామ్ నుంచి ఆర్సెనల్‌కి. ఇప్పటికీ ఫ్రీ ట్రాన్స్‌ఫర్ అనగానే ఇంగ్లండ్‌లో ముందు గుర్తొచ్చేది ఈ పేరే.

ముందు ఈ రెండు క్లబ్బుల గొడవేంటో చూద్దాం. రెండూ ఉత్తర లండన్ క్లబ్బులే. అప్పట్లో వాటి స్టేడియాలు వైట్ హార్ట్ లేన్, హైబరీ. మధ్య దూరం ఆరేడు కిలోమీటర్లు, అంతే. అసలు ఆర్సెనల్ అక్కడిది కాదు. నదికి దక్షిణాన వూలిచ్‌లో పుట్టిన క్లబ్బు. 1913లో మకాం మార్చి హైబరీకి వచ్చింది. "మా పేటలోకి వీళ్లెందుకొచ్చారు" అని టాటెన్‌హామ్ వాళ్లకి అప్పుడే మంట. 1919లో ఇంకోటి జరిగింది. మొదటి డివిజన్‌ని 20 టీమ్‌ల నుంచి 22కి పెంచారు. అంతకుముందు సీజన్‌లో ఆఖరి స్థానంలో ఉన్న టాటెన్‌హామ్‌ని కింద డివిజన్‌కి దించేసి, ఓటింగ్ పెట్టి ఆర్సెనల్‌ని పైకి తీసుకున్నారు. ఆర్సెనల్ రెండో డివిజన్‌లో మొదటి రెండు స్థానాల్లో కూడా లేదు. వందేళ్లు దాటినా టాటెన్‌హామ్ ఫ్యాన్స్ ఆ సంగతి మర్చిపోలేదు.

ఇక క్యాంప్‌బెల్. తూర్పు లండన్ కుర్రాడు, 1974లో పుట్టాడు. జమైకా నుంచి వచ్చిన కుటుంబం. టీనేజ్‌లోనే టాటెన్‌హామ్‌లో చేరాడు. 1992 డిసెంబర్‌లో చెల్సీ మీద మొదటి మ్యాచ్ ఆడితే, అదే మ్యాచ్‌లో గోల్ కొట్టాడు. తర్వాత డిఫెండర్‌గా స్థిరపడి, కెప్టెన్ అయ్యాడు. ఆ క్లబ్బుకి 300కి పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఇంగ్లండ్ టీమ్‌లో కూడా అతని ప్లేస్‌కి ఢోకా లేదు. అంటే ఎక్కడినుంచో కొనుక్కొచ్చిన ప్లేయర్ కాదు, ఇంటి పిల్లాడు.

కానీ ఆ తొమ్మిది సీజన్లలో ఆ ఇంట్లో పరిస్థితి ఏంటి? లీగ్‌లో టాటెన్‌హామ్ బెస్ట్ స్థానం 7. మిగతా ఏళ్లు 8, 10, 11, 12, ఒకసారి 14, ఒకసారి 15. గెలిచింది ఒకే ఒక్క కప్పు, 1999 లీగ్ కప్. ఛాంపియన్స్ లీగ్ ఒక్కసారి కూడా ఆడలేదు. అదే టైమ్‌లో పక్కనున్న ఆర్సెనల్ 1998లో లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిచింది. 1999, 2000, 2001 మూడేళ్లూ లీగ్‌లో రెండో స్థానం. ఏటా ఛాంపియన్స్ లీగ్. 26 ఏళ్ల డిఫెండర్, కెరీర్ పీక్‌లో ఉన్నవాడు, పక్కింట్లో పండగ చూస్తూ ఎన్నాళ్లు కూర్చుంటాడు?

అతని కాంట్రాక్ట్ 2001 వేసవిలో అయిపోతుంది. క్లబ్బు కొత్త కాంట్రాక్ట్ ఇస్తామంటోంది. అతను సంతకం పెట్టట్లేదు. ఫ్యాన్స్ మాత్రం నమ్మకంతో ఉన్నారు. మనవాడే కదా, ఉంటాడు, మహా అయితే బార్సిలోనాకో, ఇటలీకో వెళ్తాడు అనుకున్నారు. 2001 జూలై 3న ఆర్సెనల్ ట్రైనింగ్ గ్రౌండ్‌లో ప్రెస్‌మీట్. రిపోర్టర్లు వచ్చింది ఇప్స్‌విచ్ నుంచి కొన్న గోల్‌కీపర్ రిచర్డ్ రైట్‌ని చూపిస్తారని. ఆర్సెన్ వెంగర్ పక్కన నడుచుకుంటూ వచ్చింది సోల్ క్యాంప్‌బెల్! గదిలో ఎవరికీ నోట మాట రాలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, అసలు ఇది ఎలా సాధ్యమో చూద్దాం. ఎందుకంటే అంతకు పదేళ్ల ముందైతే ఇది జరిగే పనే కాదు.

ఒకప్పుడు కాంట్రాక్ట్ అయిపోయినా ప్లేయర్‌కి పూర్తి స్వేచ్ఛ ఉండేది కాదు. కొత్త క్లబ్బు పాత క్లబ్బుకి డబ్బు కట్టాలి. లేకపోతే కదలడానికి లేదు. మీ జాబ్ అగ్రిమెంట్ అయిపోయింది, కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది, కానీ పాత కంపెనీ "మాకు డబ్బు కడితేనే వదులుతాం" అంటే ఎలా ఉంటుంది? అచ్చం అదే. బెల్జియంలో జాన్-మార్క్ బోస్మన్ అనే ప్లేయర్‌కి 1990లో ఇదే జరిగింది. ఆర్ఎఫ్‌సీ లీజ్ అనే క్లబ్బుతో కాంట్రాక్ట్ అయిపోయింది. జీతం బాగా తగ్గించి కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు. అతను ఫ్రాన్స్‌లో డంకర్క్ క్లబ్బుకి వెళ్తానన్నాడు. ట్రాన్స్‌ఫర్ డీల్ కుదరక ఆగిపోయింది. కోర్టుకి వెళ్లాడు. ఐదేళ్లు నడిచింది కేసు. 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది: యూరోపియన్ యూనియన్ ఆటగాడి కాంట్రాక్ట్ అయిపోయాక, అతను యూనియన్‌లో వేరే దేశపు క్లబ్బుకి వెళ్తుంటే పాత క్లబ్బు డబ్బు అడగకూడదు. బోస్మన్ ఆట కెరీర్ ఆ కేసులోనే కరిగిపోయింది. లాభం తర్వాత వచ్చినవాళ్లకి దక్కింది. ఇంగ్లండ్‌లో అయితే దేశం లోపల మారే ప్లేయర్లకి కూడా, 24 ఏళ్లు దాటితే, ఈ స్వేచ్ఛ వచ్చింది. క్యాంప్‌బెల్ అలా బయటకొచ్చాడు. చట్టం ప్రకారం అతని మీద వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

ఇప్పుడు డబ్బు లెక్క. "ఫ్రీ" అనే మాట చూసి మోసపోకండి. డబ్బు మాయం కాదు, చేతులు మారుతుంది అంతే. 2000 నవంబర్‌లో రియో ఫెర్డినాండ్ అనే ఇంకో ఇంగ్లండ్ డిఫెండర్‌ని వెస్ట్ హామ్ నుంచి లీడ్స్ కొన్నది. ధర 1 కోటి 80 లక్షల పౌండ్లు. క్యాంప్‌బెల్‌ని అప్పుడు అమ్మి ఉంటే టాటెన్‌హామ్‌కి కూడా ఆ స్థాయి డబ్బు వచ్చేదని ఊహించడం కష్టం కాదు. ఇప్పుడు ఆర్సెనల్ వైపు నుంచి చూడండి. ఆ 1 కోటి 80 లక్షలు టాటెన్‌హామ్‌కి కట్టక్కర్లేదు. దాన్ని నాలుగేళ్లకి పంచితే వారానికి 86 వేల పౌండ్లకు పైగా వస్తుంది. అందుకే ప్లేయర్‌కి అంత పెద్ద జీతం ఇవ్వగలిగారు. బోనస్‌లు అన్నీ కలిపి వారానికి దాదాపు లక్ష పౌండ్లని అప్పటి పేపర్లు రాశాయి. అంటే పాత క్లబ్బు జేబులోకి పోవాల్సిన డబ్బు ప్లేయర్ జేబులోకి పోయింది. ఫ్యాన్స్ కోపంలో సగం దీనికే. మేం పెంచాం, మేం నేర్పించాం, ఆఖరికి మాకు సున్నా, పైగా శత్రువు ఇంకా బలపడ్డాడు.

ఓకే. మరి తప్పు ఎవరిది?

నా ఉద్దేశంలో ఈ ప్రశ్నకి జవాబు 2001 జూలైలో దొరకదు. రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. ఏ స్టార్ ప్లేయర్ కాంట్రాక్ట్ అయినా రెండేళ్లు మిగిలి ఉన్నప్పుడు క్లబ్బు ఒక నిర్ణయం తీసుకోవాలి. కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టించాలి, లేదా అమ్మేయాలి. ఈ రెండూ చేయకుండా "చూద్దాంలే" అంటే, ఆఖరి ఏడాదిలోకి వచ్చేసరికి పగ్గాలు ప్లేయర్ చేతిలోకి వెళ్లిపోతాయి. ఎందుకంటే ఒక్కో నెల గడిచే కొద్దీ అతని అమ్మకం ధర తగ్గుతుంది, అతనికి వచ్చే జీతం పెరుగుతుంది.

టాటెన్‌హామ్‌లో ఆ ఆఖరి సీజన్‌లో ఏం జరిగింది? ఓనర్ అలన్ షుగర్ క్లబ్బుని అమ్మేశాడు. 2001 మొదట్లో డేనియల్ లెవీ ఛైర్మన్‌గా వచ్చాడు. మార్చ్‌లో మేనేజర్ జార్జ్ గ్రాహమ్‌ని తీసేశారు. గ్లెన్ హాడిల్ వచ్చాడు. ఏప్రిల్‌లో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్‌లో ఆర్సెనల్ చేతిలోనే 2-1తో ఓడిపోయారు. ఒకసారి క్యాంప్‌బెల్ ప్లేస్‌లో ఉండి ఆలోచించండి. "నువ్వు ఉండు, మనం పెద్ద టీమ్ అవుతాం" అని అతనికి మాట ఇవ్వాల్సినవాళ్లే మారిపోతున్నారు. ఎవరి మాట నమ్మి సంతకం పెట్టాలి?

కాబట్టి ప్లేయర్ పోవడంలో క్లబ్బు పాత్ర పెద్దది. కానీ ఫ్యాన్స్ బాధ మొత్తం ఉత్తదే అని నేను అనను. దీన్ని ఇంకో రెండు కథలతో పోల్చి చూస్తే క్లియర్‌గా అర్థమవుతుంది.

మొదటిది పాట్ జెన్నింగ్స్. ఉత్తర ఐర్లండ్ గోల్‌కీపర్, టాటెన్‌హామ్ లెజెండ్. 1977లో ఇతను కూడా టాటెన్‌హామ్ నుంచి ఆర్సెనల్‌కే వెళ్లాడు. మరి అతన్ని ద్రోహి అన్నారా? లేదు. ఇప్పటికీ రెండు క్లబ్బుల వాళ్లూ అభిమానిస్తారు. ఎందుకు? అతన్ని పంపింది టాటెన్‌హామే. వయసైపోయింది, ఇక ఎక్కువ రోజులు ఆడలేడు అనుకుని తక్కువ ధరకి అమ్మేశారు. అతనేమో ఆర్సెనల్‌లో 1985 దాకా ఆడాడు. ఫ్యాన్స్ తిట్టుకున్నది క్లబ్బుని. మనకీ ఇలాంటిదే ఉంది కదా. డేవిడ్ వార్నర్ 2016లో సన్‌రైజర్స్‌కి ఐపీఎల్ కప్ తెచ్చిన కెప్టెన్. 2021లో అతన్ని మధ్యలోనే కెప్టెన్సీ నుంచి తీసేసి, తర్వాత వదిలేశారు. మరుసటి ఏడాది ఢిల్లీ జెర్సీలో సన్‌రైజర్స్ మీదే 92 నాటౌట్ కొట్టాడు. హైదరాబాద్ వాళ్లు వార్నర్‌ని తిట్టలేదు. మేనేజ్‌మెంట్‌ని ఉతికి ఆరేశారు. అంటే జెర్సీ మారడం ఒక్కటే ఫ్యాన్‌కి కోపం తెప్పించదు. ఎవరు ఎవర్ని వదిలేశారు అన్నది చూస్తాడు.

రెండోది రాబర్ట్ లెవాండోవ్‌స్కీ. 2010లో పోలండ్ నుంచి బొరుసియా డార్ట్‌మండ్ అతన్ని 45 లక్షల యూరోలకి అటూ ఇటుగా కొన్నది. 2013 ఏప్రిల్‌లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ మీద ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. ఆ వేసవిలోనే బయర్న్ మ్యూనిక్‌కి వెళ్లాలనుకున్నాడు. డార్ట్‌మండ్‌కి అప్పుడు పెద్ద పోటీ బయర్నే. అప్పటికే మారియో గోట్సెని 3 కోట్ల 70 లక్షల యూరోలు కట్టి తీసుకుపోయింది. ఈసారి డార్ట్‌మండ్ కూర్చుని లెక్క వేసుకుంది. "డబ్బు పోతే పోయింది, ఇంకో ఏడాది మాకు ఆడు, తర్వాత ఫ్రీగా వెళ్లు" అంది. 2014 జనవరిలోనే బయర్న్‌తో అతని ఒప్పందం అందరికీ చెప్పేశారు. మిగతా సీజన్ మొత్తం డార్ట్‌మండ్ జెర్సీలోనే ఆడాడు. 20 గోల్స్‌తో బుండెస్లీగా టాప్ స్కోరర్ అయ్యాడు. విచిత్రం ఏంటంటే అతని ఆఖరి మ్యాచ్ జర్మన్ కప్ ఫైనల్, ప్రత్యర్థి బయర్నే! నెలన్నరలో తన టీమ్ కాబోయే క్లబ్బు మీద ఆడి, 2-0తో ఓడిపోయాడు. అయినా సొంత మైదానంలో ఫ్యాన్స్ అతనికి మర్యాదగానే వీడ్కోలు చెప్పారు. తర్వాత బయర్న్ జెర్సీలో తిరిగొచ్చినప్పుడు ఈలలు పడ్డాయి, అది వేరే సంగతి. కానీ వెన్నుపోటు అనే మాట అతనికి అంతగా అతుక్కోలేదు.

చూశారా, ఇక్కడ కూడా ఫ్రీ ట్రాన్స్‌ఫరే, ఇక్కడ కూడా శత్రువు క్లబ్బుకే. తేడా ఎక్కడుంది? డార్ట్‌మండ్ ఫ్యాన్స్‌కి ముందే తెలుసు. ఆర్నెల్లు టైమ్ దొరికింది. కోపం, బాధ, ఆఖరికి చప్పట్లు, అన్నీ వరసగా అయిపోయాయి. టాటెన్‌హామ్ ఫ్యాన్స్‌కి ఆ ఆర్నెల్లు దొరకలేదు. వాళ్లు ఆశతో ఎదురుచూశారు. ఒకరోజు టీవీ పెడితే తమ కెప్టెన్ ఎర్ర క్లబ్బు వాళ్ల పక్కన నవ్వుతూ కనిపించాడు.

క్యాంప్‌బెల్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. "ఆర్సెనల్‌కి వెళ్తున్నా" అని జనవరిలోనే చెప్పి ఉంటే వైట్ హార్ట్ లేన్‌లో మిగతా మ్యాచ్‌లు ఆడనిచ్చేవాళ్లా? ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న క్లబ్బు అది. పైగా ఇంగ్లండ్‌లో ఒక క్లబ్బు కాంట్రాక్ట్‌లో ఉన్న ప్లేయర్‌తో ఇంకో క్లబ్బు అనుమతి లేకుండా మాట్లాడటం రూల్స్‌కి విరుద్ధం. 2005లో ఆష్లీ కోల్, చెల్సీ ఇలాగే దొరికిపోయి జరిమానా కట్టారు. కాబట్టి అతను నోరు మూసుకోవడానికి కారణాలున్నాయి. కానీ క్లబ్బు పేరు చెప్పకపోయినా "నేను ఇక్కడ ఉండను" అన్న ఒక్క ముక్క ముందే చెప్పొచ్చు కదా? నాకైతే అతని వల్ల జరిగిన నష్టం అక్కడే కనిపిస్తుంది. వెళ్లడం అతని హక్కు. ఎదురుచూసేవాళ్లని చివరిదాకా ఎదురుచూడనివ్వడం మాత్రం బాగోలేదు.

తర్వాత ఏం జరిగిందో తెలుసా? 2001 నవంబర్ 17న ఆర్సెనల్ జెర్సీలో వైట్ హార్ట్ లేన్‌కి వచ్చాడు. స్టేడియం అంతా "జూడాస్" అని రాసిన బోర్డులు, బెలూన్లు. అంటే ముప్పై వెండి నాణేలకి ఏసుని పట్టించిన యూదా అని. బంతి ముట్టుకున్న ప్రతిసారీ అరుపులే. మ్యాచ్ 1-1తో డ్రా అయ్యింది. ఆ సీజన్‌లోనే ఆర్సెనల్ లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిచింది. 2003-04లో 38 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి కూడా ఓడకుండా లీగ్ గెలిచింది. ఆ టైటిల్ ఖాయమైంది ఎక్కడో తెలుసా? వైట్ హార్ట్ లేన్‌లోనే! 2006లో పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో బార్సిలోనా మీద మొదటి గోల్ కొట్టింది కూడా క్యాంప్‌బెలే. ఆ మ్యాచ్ మాత్రం 2-1తో పోయింది. ఆటపరంగా అతని నిర్ణయం వంద శాతం కరెక్ట్.

కానీ ఫ్యాన్స్ వైపు కథ అక్కడితో ఆగలేదు. ఏడేళ్ల తర్వాత, 2008 సెప్టెంబర్‌లో, అతను పోర్ట్స్‌మత్ తరఫున టాటెన్‌హామ్‌తో ఆడుతున్నాడు. కొందరు అతని రంగు మీద, అతను గే అంటూ నీచమైన పాటలు పాడారు. పోలీసులు కేసు పెట్టారు. కొందరికి కోర్టులో శిక్ష పడింది, స్టేడియం వైపు రాకుండా నిషేధం కూడా పడింది. ఇక్కడ మనం గీత గీయాలి ఫ్రెండ్స్. "మోసం చేశావ్" అని బాధపడొచ్చు, బూ అనొచ్చు, అతని పాత జెర్సీ అటక మీద పడేయొచ్చు. మనిషి ఒంటి రంగు మీదకి, వాళ్ల అమ్మ మీదకి, పుట్టుక మీదకి వెళ్లిన క్షణం అది ఫుట్‌బాల్ కోపం కాదు. లోపల ఎప్పటినుంచో ఉన్న విషాన్ని బయటకి కక్కడానికి ట్రాన్స్‌ఫర్ ఒక సాకు అయ్యింది, అంతే. ఈ రోజుల్లో స్టేడియం దాకా వెళ్లక్కర్లేదు, ఫోన్ చేతిలో ఉంటే చాలు. కోపంలో మనం టైప్ చేసేది ఆ ప్లేయర్ ఇంట్లో పిల్లలు కూడా చదువుతారు.

చివరిగా ఒక ప్రాక్టికల్ విషయం. ఈసారి మీ టీమ్ స్టార్ గురించి ట్రాన్స్‌ఫర్ పుకార్లు వస్తే, ముందు అతని కాంట్రాక్ట్ ఎప్పుడు అయిపోతుందో చూడండి. మూడేళ్లు ఉంటే హాయిగా నిద్రపోండి. రెండేళ్లు ఉండి, కొత్త సంతకం మాట వినపడకపోతే, కోపం ఏదైనా ఉంటే అప్పుడే తెచ్చుకోండి, అదీ క్లబ్బు మీద. "వీడి సంగతి ఏం చేస్తున్నారు?" అని అడగాల్సిన టైమ్ అదే. ఏడాదే మిగిలిందంటే అప్పటికే మీ స్టార్ సగం బయట ఉన్నట్టు. ఆఖరి రోజు ప్రెస్‌మీట్ చూసి టీవీ పగలగొట్టడం వల్ల ఉపయోగం లేదు, ఆట అప్పటికే అయిపోయింది.

ప్లేయర్‌ని మనం అడగగలిగింది నా లెక్కలో ఒక్కటే. జీవితాంతం మా దగ్గరే ఉండు అని అడగలేం. అతనిదీ ఉద్యోగమే, పదిహేనేళ్లకి మించి ఉండని ఉద్యోగం. మనమే ఇంకో పది వేలు ఎక్కువ ఇస్తామంటే కంపెనీ మారిపోతాం. కానీ వెళ్లేటప్పుడు మొహం చూసి, ముందుగా చెప్పి వెళ్లమని అడగొచ్చు. లెవాండోవ్‌స్కీ విషయంలో అది జరిగింది. క్యాంప్‌బెల్ విషయంలో జరగలేదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ గాయం మానకపోవడానికి కారణం అదే అని నాకనిపిస్తుంది.

మీరేమంటారు? మీ టీమ్ నుంచి ఇలా వెళ్లిపోయి, మీరు ఇప్పటికీ క్షమించలేని ప్లేయర్ ఎవరు? తీరిగ్గా ఆలోచించండి. ఆ కోపం నిజంగా అతని మీదా, లేక అతన్ని ఆపలేకపోయిన మీ క్లబ్బు మీదా?

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.